ఊపిరి మీద కన్నుంచమన్న డాక్టరు

మన సంఘం వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తులు చూసే పని మా మీద పెట్టి కొన్నేళ్ళయింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్ల నుంచీ దరఖాస్తులు వస్తుంటాయి. డబ్బు మంజూరయి, ఆపరేషన్ తేదీ కూడా ఖరారయ్యాక కొందరు వెనక్కి తగ్గుతారు. ఎందుకని అడిగితే కోతకు భయం లేదంటారు. మత్తుకే భయం. మత్తు ఇచ్చాక మళ్ళీ కళ్ళు తెరుస్తామో లేదో అని.

మహబూబాబాద్‌లో ఒక సభ్యుని తల్లి, డెబ్బయి దాటిన పెద్దావిడ, పిత్తాశయంలో రాళ్ళతో రెండేళ్ళు నొప్పికి మెలికలు తిరిగింది గాని ఈ భయంతో ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. మేము ఇంటికి వెళ్ళి నచ్చజెప్పబోయాం. ఆమె చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి మమ్మల్ని ఒకే ఒక్క మాట అడిగింది. మత్తులో పడి ఉన్నప్పుడు తన ఊపిరిని ఎవరు చూస్తుంటారని. మేము ముగ్గురం వెళ్ళాం, ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అక్కడా ఇక్కడా చదివి చూస్తే తెలిసిందేమంటే, సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని ఒక డాక్టరు మన హైదరాబాదు నగరంలోనే ప్రపంచ వైద్యలోకాన్నంతా కదిలించాడు. ఆయన పేరు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. పేరు చూసి పిల్లలు నవ్వుతారు, రోడ్డు మీద పోయే లారీ కాదు. ఒకప్పుడు లండన్ పత్రికల్లో హైదరాబాదు పేరు చెప్పగానే క్లోరోఫారం, క్లోరోఫారం చెప్పగానే లారీ గుర్తుకు వచ్చేంత ప్రసిద్ధుడాయన. మన ప్రాంతంలో ఇప్పుడు ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. అందుకని ఈ సంచికలో ఆయన కథ రాస్తున్నాం.

ముందు క్లోరోఫారం సంగతి కొంచెం చెప్పాలి. 1847 నవంబరులో ఎడిన్‌బరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు ఈ ద్రవాన్ని పీల్చితే మనిషి స్పృహ తప్పుతాడని కనుగొన్నాడు. అంతకు ముందు కాలు తీసేయాలన్నా నలుగురు పట్టుకుంటే కోసేవారు. అలాంటి రోజుల్లో తియ్యని వాసన గల ఈ మందు వరంలా వచ్చింది. కాని మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వెళ్ళి క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. గోరుకు ప్రాణం పోవడమేమిటని దేశమంతా నివ్వెరపోయింది. ఆ తరువాత కూడా ఉండి ఉండి ఇలాంటి చావులు జరుగుతూనే వచ్చాయి.

దాంతో డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. క్లోరోఫారం గుండెను ఆపుతుంది, అందుచేత నాడి మీద వేలు వేసి ఉంచాలన్నది లండన్ వర్గం. ముందు ఆగేది ఊపిరి, గుండె తరువాత ఆగుతుంది, ఊపిరిని చూస్తుంటే చాలు అన్నది ఎడిన్‌బరో వర్గం. ఆ రెండో వర్గానికి పెద్ద జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుడు. 1846లో పుట్టిన మన లారీ ఎడిన్‌బరోలో సైమ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. గురువు దగ్గర నేర్చుకున్న ఈ ఒక్క పాఠాన్ని ఆయన జీవితాంతం విడువలేదు. అదే ఆయన బలం, చివరికి అదే ఆయన బలహీనత కూడా అయింది.

ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశం వచ్చిన లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ అయ్యాడు. నగరంలోని వైద్య పాఠశాల కూడా ఆయన చేతికే వచ్చింది. 1846లో మొదలైన ఆ పాఠశాలలో అంతవరకు ఉర్దూలో బోధన జరిగేది, పట్టా పొందినవాళ్ళను హకీం అనేవారు. లారీ వచ్చి బోధన ఇంగ్లీషులోకి మార్చాడు. మన పెద్దల్లో కొందరికి ఇది ఇప్పటికీ నచ్చని విషయం. తరువాత 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చి ఉర్దూలో పై చదువులు చెప్పి చూపించింది గదా, లారీ తొందరపడ్డాడని వాదిస్తారు. ఆ వాదనలోకి మేము పోము. ఆయన చేసిన ఇంకో మార్పు గురించి మాత్రం చెప్పాలి. ఆడపిల్లలను వైద్యవిద్యలో చేర్చుకున్నాడు. అలా చేరిన మొదటివారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఒకరు. ఆమె సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ కాలపు పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1866లో పుట్టి, మూడో ఏడు నిండకుండానే గద్దెకు వచ్చి, 1884లో పూర్తి అధికారం చేపట్టిన యువకుడు. పాముకాటు తగిలినవాడు ఆయన పేరు తలచుకుంటే, ఆయన దగ్గరికి కబురు పంపితే విషం దిగుతుందని జనం గట్టిగా నమ్మేవారు. ఎంత రాత్రయినా పాముకాటు కబురు వస్తే తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడని చెప్పుకుంటారు. మా నానమ్మల కాలం దాకా మానుకోట వైపు పల్లెల్లో ఈ మాట వినపడేది. నమ్మకం సంగతి పక్కన పెడితే, నాగుపాము కరిచినవాడు చచ్చేది ఊపిరి కండరాలు పడిపోయి. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, ఛాతీ మాత్రం కదలదు. లారీ చెప్పదలచుకున్నది కూడా అచ్చంగా ఇలాంటి చావు గురించే.

ఇక్కడ ఊపిరి అంటే ఏమిటో కొంచెం చూద్దాం. చిన్నపిల్లలకు బడిలో చెప్పిందే గాని పెద్దలం మరిచిపోయి ఉంటాం.

మనిషికీ, మేకకీ, కుక్కకీ, కోతికీ, అంటే పాలిచ్చి పిల్లలను పెంచే జంతువులన్నిటికీ, ఛాతీకీ కడుపుకీ మధ్య ఒక కండరపు పొర అడ్డంగా గొడుగు కప్పినట్టు ఉంటుంది. దాన్ని ఉదరవితానం అంటారు. అది కిందికి దిగితే ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది. అది వదులై పైకి లేస్తే గాలి బయటికి పోతుంది. ఊరకే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఇలా పీలుస్తాడు, ఒక్కోసారి అర లీటరు గాలి. కాని ఊపిరితిత్తులు ఎన్నడూ పూర్తిగా ఖాళీ కావు. మామూలుగా వదిలాక కూడా రెండు లీటర్లకు పైగా పాత గాలి లోపలే ఉండిపోతుంది. కొత్త గాలి దానిలో కలిసిపోవలసిందే. ఈ పని మనం తలచుకోకుండానే నిద్రలో కూడా జరుగుతున్నదంటే మెదడు అడుగు భాగాన, మజ్జాముఖం దగ్గర ఉన్న ఒక చిన్న కేంద్రం ఆజ్ఞలిస్తూ ఉండటం వల్ల. క్లోరోఫారం మోతాదు మించితే మొద్దుబారిపోయేది ఆ కేంద్రమే. ఆజ్ఞ ఆగుతుంది, ఉదరవితానం ఆగుతుంది, మనిషి నీలం తిరుగుతాడు. గుండె దానంతట అది ఇంకా కొన్ని నిమిషాలు కొట్టుకుంటుంది. ఆ కొన్ని నిమిషాల్లో ఎవరైనా చూసి కృత్రిమంగా ఊపిరి ఆడిస్తే మనిషి దక్కుతాడు. చూడకపోతే పోతాడు.

గుండెకూ ఊపిరితిత్తులకూ ఉన్న ఈ సంబంధం కూడా ఒక్కరోజులో తెలియలేదు. గుండె కుడి గదిలోని రక్తం మధ్య గోడ గుండా ఎడమకు పోదు, ఊపిరితిత్తులకు వెళ్ళి గాలితో కలిసి తిరిగి వస్తుందని 13వ శతాబ్దంలోనే డమాస్కసు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ రాసి పెట్టాడు. ఆ రాత ప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్నట్టు ఈజిప్టు వైద్యుడొకడు 1924లో గుర్తించేదాకా లోకానికి ఆ సంగతే తెలియదు. లారీకి కూడా తెలిసి ఉండే అవకాశం లేదు.

పక్షుల సంగతి వేరు. వాటికి ఉదరవితానం లేదు. కోడి ఊపిరితిత్తులు చిన్నవి, పక్కటెముకలకు అంటుకుని ఉంటాయి, మనవాటిలా ఉబ్బవు. వాటికి తోడుగా ఒంటి నిండా గాలి సంచులుంటాయి, సాధారణంగా తొమ్మిది. పీల్చిన గాలిలో చాలా భాగం ముందు వెనక సంచుల్లోకి పోయి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల గుండా ముందు సంచుల్లోకి వచ్చి, ఆపైన బయటికి పోతుంది. ఒక గుక్క గాలి ఈ దారంతా తిరిగి రావడానికి రెండు సార్లు పీల్చి రెండు సార్లు వదలాలి. లాభమేమంటే, పీల్చినా వదిలినా ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుకు, ఎప్పుడూ తాజాగా పారుతుంటుంది. పాత గాలి కలవదు. హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశానికి చలికాలం వచ్చే పట్టతల బాతులకు ఆ పలచని గాలి సరిపోతున్నదంటే ఇదొక పెద్ద కారణం. కాని దీనికొక లోటు కూడా ఉంది. ఈ సంచులన్నిటినీ ఊపే తిత్తి పక్షి రొమ్ము ఎముకే. అది కిందికీ పైకీ కదలాలి. పిల్లలు కోడిపిల్లను ముద్దుగా గుప్పిట్లో గట్టిగా బిగించి పట్టుకుంటారు, ముక్కు మూయలేదు గదా అనుకుంటారు. రొమ్ము కదలక అది నిమిషాల్లో తల వాల్చేస్తుంది. ఇది మా ఇళ్ళల్లో జరిగిందే, మీ ఇళ్ళల్లోనూ జరిగే ఉంటుంది.

భూపాలపల్లిలో బొగ్గు బావుల్లో పనిచేసే మన సభ్యులకు ఇంకో సంగతి. ఇంగ్లండు బొగ్గు గనుల్లో చిన్న కానరీ పిట్టను పంజరంలో పెట్టుకుని దిగేవారు. 1890ల్లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన ఉపాయం అది. విషవాయువు ఉంటే, చురుకైన ఊపిరి గల పిట్ట మనిషికంటే ముందే సోలిపోతుంది, మనుషులు పైకి వచ్చేస్తారు. 1986లో యంత్రాలు వచ్చి ఆ పిట్టలకు విముక్తి కలిగించాయి. పక్షి ఊపిరి బలమే దాని ప్రాణానికి ముప్పయిందన్నమాట.

లారీకి కావలసింది మనిషి ఊపిరి తీరు, అంటే ఉదరవితానం గల జంతువుల ఊపిరి. 1888లో ఆయన హైదరాబాదులో మొదటి క్లోరోఫారం కమిషన్ వేయించాడు. ఎక్కువగా వీధి కుక్కల మీద ప్రయోగాలు చేశారు. క్లోరోఫారం పీల్పించి ఏది ముందు ఆగుతుందో చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది. 1889 జనవరిలో డ్యూక్ ఆఫ్ కన్నాట్ దంపతులు హైదరాబాదుకు వచ్చినప్పుడు వైద్య పాఠశాల బహుమతుల సభలో లారీ ఈ ఫలితాన్ని సగర్వంగా ప్రకటించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. యూరపులో పెద్ద పెద్ద ప్రయోగశాలలు తేల్చిన దాన్ని ఎక్కడో హైదరాబాదులో కుక్కల మీద పరీక్షించి కాదంటే ఎలా అన్న ధోరణిలో విమర్శించింది.

లారీ ఊరుకునే మనిషి కాదు. నిజాంతో మాట్లాడి, లాన్సెట్ వారే తమకు నచ్చిన నిపుణుణ్ణి పంపవచ్చు, ఖర్చులకు వెయ్యి పౌండ్లు హైదరాబాదు ప్రభుత్వం ఇస్తుందని వారికి రాయించాడు. ఆనాటి దివాను సర్ ఆస్మాన్ జా. ఆ రోజుల్లో వెయ్యి పౌండ్లంటే చిన్న మొత్తం కాదు. తన సంస్థానంలోని డాక్టరు మాట నిజమో కాదో, అది తప్పని భావిస్తున్న వాళ్ళచేతనే పరీక్ష చేయించడానికి ఒక పాలకుడు డబ్బు పెట్టడం మాకు చాలా గొప్పగా తోచింది. ఇప్పుడు కూడా అలా చేసేవాళ్ళు ఎందరు?

లాన్సెట్ పంపినవాడు సామాన్యుడు కాదు. సర్ కాకపోయినా అప్పటికే పేరు మోసిన టామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపినవాడు. క్లోరోఫారం వల్ల గుండె ఆగిపోవచ్చునన్న అభిప్రాయంతోనే ఆయన బయల్దేరాడు. 1889 అక్టోబరులో హైదరాబాదు చేరాడు. సరిగ్గా ఆ ఏడే సికింద్రాబాదు నుంచి జనగామ, ఓరుగల్లు, మానుకోటల మీదుగా బెజవాడ దాకా నిజాం రైలు దారి పూర్తయింది. మన ఊళ్ళకు రైలు వచ్చిన ఏడు, మన రాజధానికి క్లోరోఫారం పంచాయితీ వచ్చిన ఏడు ఒకటే.

రెండో కమిషన్‌కు లారీ అధ్యక్షుడు. బ్రంటన్, మేజర్ బమ్‌ఫర్డ్, హైదరాబాదు డాక్టరు రుస్తుంజీ సభ్యులు. నెలల తరబడి పని. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు అన్నీ కలిపి దాదాపు అయిదు వందల జంతువులు. రక్తపోటు రాసే యంత్రం ఒకటి ఉండేది. పొగ పట్టించిన కాగితం చుట్టిన పీపా మెల్లగా తిరుగుతుంటే, జంతువు రక్తనాళానికి కలిపిన ముల్లు దాని మీద ఎగుడు దిగుడు గీత గీస్తుంది. పక్కన ఇంకో ముల్లు ఊపిరి గీత గీస్తుంది. ఏ గీత ముందు చదునవుతుందో కళ్ళారా చూడవచ్చు. రాతలన్నిటికీ ఫోటోలు తీయించారు, తరువాత ఎవరూ కాదనకుండా.

భయపెట్టి చూశారు, తక్కువ మత్తులో కోసి చూశారు, ఎక్కువ మత్తులో ముంచి చూశారు. గుండె నేరుగా ఆగే చావు వాళ్ళకు దొరకలేదు. ఊపిరి గీతే ముందు చదునయింది. మనసు మార్చుకుని వచ్చినవాడు బ్రంటనే. లారీ మాటే నిజమని తాను లండన్‌కు తంతి పంపాడు. నోరులేని ఆ జంతువుల మాట తలచుకుంటే మాకు మనసు చివుక్కుమంటుంది. ఈనాడు ఇన్ని జంతువులను ఇలా వాడటానికి చట్టం ఒప్పుకోదు. అయితే ఆ తరువాత మత్తు బల్ల ఎక్కిన మనుషులు ఆ జంతువులకు ఋణపడి ఉన్నారని కూడా ఒప్పుకోవాలి.

కమిషన్ ఇచ్చిన సూచనలు చదివితే ఎంత సాదాగా ఉంటాయో. రోగిని పడుకోబెట్టి మత్తివ్వాలి. మెడ, ఛాతీ, కడుపు దగ్గర బిగుతు బట్టలుండకూడదు. సాయంగా నిలబడ్డవాళ్ళు రోగి ఛాతీ మీదా కడుపు మీదా ఆనుకోకూడదు. మొదట గుడ్డను ముక్కుకు దగ్గరగా అదమకూడదు, అదిమితే రోగి పెనుగులాడి ఊపిరి బిగపడతాడు, ఆ వెంటనే ఒక్కసారిగా చాలా పీల్చేస్తాడు. మత్తిచ్చేవాడు ఆపరేషన్ వైపు చూడకూడదు, నాడి పట్టుకుని కూర్చోకూడదు. అతనికి ఒకటే పని, ఊపిరి సరిగా ఆడుతున్నదా లేదా చూడటం. ఊపిరికి అడ్డం వస్తే కింది దవడను ముందుకు లాగాలి. ఆగితే వెంటనే కృత్రిమంగా ఆడించాలి. ఉదరవితానాన్ని కదలనివ్వండి, దాని మీద నుంచి కన్ను తీయకండి, ఇంతే మొత్తం సారాంశం. గుప్పిట్లో బిగించిన కోడిపిల్ల గుర్తుకు రావడం లేదూ?

పెద్దావిడ మమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఊపిరిని చూడటానికే ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి, అతనికి మరో పని ఉండకూడదు. ఈ నియమాన్ని ఇంత గట్టిగా పట్టుబట్టి చెప్పించినవాళ్ళలో హైదరాబాదు కమిషన్ ముందు వరుసలో ఉంది. ఆ ప్రత్యేకమైన మనుషుల్లో ఒకరు రూపాబాయి. 1889లో హకీం పట్టా పుచ్చుకుని, హైదరాబాదు దవాఖానాల్లో రోగులకు క్లోరోఫారం ఇచ్చింది. ప్రపంచంలో మత్తుమందు వైద్యాన్నే వృత్తిగా చేసుకున్న మొదటి స్త్రీలలో ఆమె పేరు చెబుతారు. పర్దా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకే రాని కాలంలో తలాపున ఒక ఆడది నిలబడి ఊపిరి చూస్తున్నదంటే వాళ్ళకు ఎంత ధైర్యమో మన అమ్మలను అడిగితే చెబుతారు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే లారీ కథ విజయగాథ అవుతుంది. కాని నిజం పూర్తిగా అలా లేదు.

లారీ కుడిచేతికి ఎడమచేయి అడ్డం రాని మనిషి. ఒకసారి తేల్చుకున్నాక మళ్ళీ చూడడు. తన చేతి కింద వేలమందికి క్లోరోఫారం ఇచ్చారు, ఊపిరి చూడటం వల్లనే క్షేమంగా ఉన్నారని చెప్పేవాడు. గుండె వల్ల ఎవరైనా చచ్చారని ఎక్కడి నుంచైనా వార్త వస్తే, మత్తిచ్చినవాడు ఊపిరి సరిగా చూసి ఉండడని కొట్టిపారేసేవాడు. అంటే తన సిద్ధాంతం తప్పు కావడానికి దారే లేకుండా చేసుకున్నాడు. మలేరియా విషయంలోనూ ఇదే తంతు. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రక్తంలో చూసిన మలేరియా క్రిమిని లారీ క్రిమే కాదని వాదించాడు. ఆయన ఉన్న హైదరాబాదుకు కూతవేటు దూరంలో, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఆ క్రిమినే దోమ కడుపులో చూశాడు. ఇంతకంటే చెప్పనక్కరలేదు.

లారీ 1901లో పదవి విరమించి స్వదేశం వెళ్ళిపోయాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్ దవాఖానా కూడా కొట్టుకుపోయింది. తరువాత ఆ ప్రాంతంలోనే ఉస్మానియా దవాఖానా లేచింది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూశాడు. అదే 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద పరీక్షించి ఒక విషయం చూపించాడు. క్లోరోఫారం బాగా ఎక్కినప్పుడు కాదు, కొంచెమే ఎక్కి రోగి ఇంకా భయంతో ఉన్నప్పుడు గుండెకు ముప్పు వస్తుంది. భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్, పలచగా ఎక్కిన క్లోరోఫారం, రెండూ కలిస్తే గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది. రక్తం కదలదు. మనిషి ఒక్క క్షణంలో పోతాడు. ఊపిరి అప్పటికి ఇంకా ఆడుతూనే ఉండవచ్చు.

హన్నా గ్రీనర్ లాంటి వాళ్ళు, చిన్న పనికని వచ్చి, భయపడుతూ, రెండు గుక్కలు పీల్చగానే పోయినవాళ్ళు, బహుశా ఇలాగే పోయి ఉంటారని తరువాతి డాక్టర్లు అనుకున్నారు. అంటే లండన్ వర్గం చెప్పిందీ కొంత నిజమే. హైదరాబాదులో చూసిన మోతాదు చావు నిజం. హైదరాబాదులో కనబడని గుండె చావు కూడా నిజం. అయిదు వందల జంతువుల్లో కనబడలేదు గనక అసలు లేదని అనడమే లారీ చేసిన తప్పు. గుండె భయం లేదని ధైర్యం చెప్పిన ఆ నివేదికను నమ్మి, క్లోరోఫారం వాడకాన్ని కొందరు డాక్టర్లు వదలవలసిన కాలం కంటే ఎక్కువకాలం వదల్లేదు. దాని వల్ల పోయిన ప్రాణాలు కూడా ఉన్నాయి. ఆయన ఋజువు చేసిన నియమం వల్ల నిలిచిన ప్రాణాలు కూడా ఉన్నాయి. తక్కెడలో వేసి చూడటం మా వల్ల కాలేదు. మేము ముగ్గురం దీని మీద రెండు సాయంత్రాలు వాదించుకున్నాం. ఒకరు లారీని క్షమించరు, ఇంకొకరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు, మూడో మనిషి ఈ వ్యాసం రాస్తున్నాడు.

1915లో లారీ మరణించాడు. క్లోరోఫారం కూడా మెల్లమెల్లగా ఆపరేషన్ గదుల నుంచి తప్పుకుంది. ఈథర్, 1956 నుంచి హాలోథేన్, ఆ తరువాత ఇంకా మంచి మందులు వచ్చాయి. చూసే పద్ధతి కూడా పెరిగింది. ఊపిరా, నాడా అన్న తగాదా ఇప్పుడు లేదు, రెండూ చూస్తారు. గుండె గీత ఒక తెర మీద, రక్తపోటు ఇంకో అంకె, వదిలే గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతో ఇంకో గీత. వేలికి తగిలించే చిన్న పట్టకారు రక్తంలో ఆక్సిజన్ ఎంతో చెబుతుంది. జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి 1970ల్లో కనిపెట్టిన ఉపాయం అది. 2020, 2021 కరోనా రోజుల్లో మన సంఘం తరఫున ఇంటింటికీ తిప్పింది దాన్నే. అప్పుడు ఊపిరి విలువ ఏమిటో ఎవరూ మనకు చెప్పనక్కరలేకపోయింది.

మన మూడు పట్టణాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో తరగతులు మొదలయ్యాయి. చదువుకునే మన పిల్లల్లో ఎవరైనా మత్తుమందు శాఖ వైపు మొగ్గితే చిన్నచూపు చూడకండి. సర్జన్ పేరు అందరికీ గుర్తుంటుంది, తలాపున నిలబడి ఊపిరి చూసిన మనిషి పేరు ఎవరూ అడగరు. ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు కూడా ఆ మనిషితో ముందే మాట్లాడాలి. బీడీ, సిగరెట్టు అలవాటు, ఆయాసం, గతంలో మత్తు పడకపోవడం, వాడే మందులు, ఊగే పళ్ళు, అన్నీ దాచకుండా చెప్పాలి. ఏమీ తినవద్దన్న గంట నుంచి నిజంగానే ఏమీ తినకూడదు. దొంగతనంగా రెండు బిస్కెట్లు తిని వచ్చి ఆపరేషన్ వాయిదా వేయించుకున్న సభ్యులు మనలో ఉన్నారు, పేర్లు రాయం.

ఇంతకీ ఆ పెద్దావిడ సంగతి. మేము రెండోసారి వెళ్ళి ఈ కథంతా చెప్పాం, లారీ తప్పు కూడా దాచలేదు. అంతా విని, ఊపిరి చూసే డాక్టరు ఆడదయితే చేయించుకుంటానన్నది. అదృష్టవశాత్తు అలాగే కుదిరింది. ఆపరేషనయిన మూడో రోజు పరామర్శకు వెళితే మంచం మీద కూర్చుని ఉంది. ఏం గుర్తుందమ్మా అని అడిగాం. ఆ అమ్మాయి డాక్టరు ముక్కు మీద మూత పెట్టి గట్టిగా పీల్చమన్నదట, ఒకటి, రెండు అని లెక్క పెట్టమన్నదట. మూడు అన్నట్టు గుర్తు లేదన్నది. గాజులు తీయించారని మాత్రం ఇంకా కోపంగా ఉంది.